ఫ్రెడ్డీ మెర్క్యురీ – క్వీన్ బృందము: కొన్ని ప్రశ్నలు, సమాధానములు

పేరెన్నికగన్న గాయకుని గూర్చి జనులకుండు కుతూహలము ఆతని పాటలతో తీరదు. ఆతడే యూరివాడు, ఏ మతమువాడు, ఎట్లు జీవించెను, ఎట్లు మరణించెను అని యడుగుచునే యుందురు. అడుగుటలో తప్పులేదు. కాని సమాధానములు కొన్ని చలనచిత్రములనుండియు, కొన్ని వదంతులనుండియు వచ్చుచుండుటచేత నిజమేదో కల్పన యేదో తెలియక పోవుచున్నది. ఇంగ్లాండునందలి క్వీన్ అను రాక్ సంగీత బృందమునకు గాయకుడైన ఫ్రెడ్డీ మెర్క్యురీ విషయమున నిట్టి చిక్కు మిక్కుటముగా గలదు. కావున తరచుగా వినవచ్చు ప్రశ్నలను ఒక్కచోట చేర్చి, నిశ్చయముగా తెలిసిన సంగతులతో సమాధానములు వ్రాయుచున్నాము.

రాక్ సంగీతము నెఱుగని చదువరులకొక మాట. ఇది 1950 తరువాతి దశకమున అమెరికాలో బయలుదేరినది. అచ్చటి నల్లజాతివారి బ్లూస్ పాటలును, తెల్లవారి పల్లెపాటలును దీనికి మూలములు. విద్యుచ్ఛక్తిచే ధ్వని హెచ్చింపబడిన గిటారులు, డ్రమ్ములు దీనికి ముఖ్య వాద్యములు. సామాన్యముగా నలుగురైదుగురు కలిసి బృందముగా నేర్పడి, తామే పాటలు కట్టి, తామే వాయించి పాడుదురు. బృందమను మాటను చదువరులు మనస్సునందుంచుకొందురు గాక. ఈ ప్రశ్నలలో ననేకములకు సమాధానము ఆ మాటలోనే యున్నదని మా యభిప్రాయము.

1. ఆతని అసలు పేరేమి? ఆతడే దేశస్థుడు?

తల్లిదండ్రులు పెట్టిన పేరు ఫరోఖ్ బుల్సారా. ఆతడు 1946వ సంవత్సరము సెప్టెంబరు 5వ తేదీన, ఆఫ్రికా తూర్పుతీరమున నున్న జాంజిబారు ద్వీపమున జన్మించెను. ఆ ద్వీపమునకు సుల్తాను గలడుగాని అధికారము బ్రిటిషువారిది. తండ్రి బోమీ బుల్సారా అచ్చట ప్రభుత్వోద్యోగమున కాషియరు. తల్లి పేరు జెర్. కష్మీరా యను చెల్లెలు గలదు. వీరు పార్సీలు, అనగా పూర్వము పర్షియా దేశమునుండి వచ్చి గుజరాతు తీరమున నిలిచిన జరతుష్ట్ర మతస్థులు. గుజరాతులోని బుల్సారు, అనగా నేటి వల్సాడు, వీరి పూర్వుల యూరు. ఇంటిపేరు దానినుండి వచ్చినదే.

కావున ఆతడు పుట్టుకచే జాంజిబారువాడు, వంశముచే భారతీయ పార్సీ, నివాసముచే ఇంగ్లాండువాడు. మూడును నిజములే. ఒకదానిని పట్టుకొని తక్కిన రెంటిని విడుచుటచేతనే వాదములు పెరుగుచున్నవి.

ఫ్రెడ్డీ యను పేరు బడిలో తోటివారు పిలువగా నిలిచినది. మెర్క్యురీ యను పేరును 1970 ప్రాంతమున తానే పెట్టుకొనెను. బృందముయొక్క తొలి రికార్డులో నున్న మై ఫెయిరీ కింగ్ అను పాటలో ఆ మాట వచ్చుననియు, దానినుండియే పేరు గ్రహించెననియు గిటారు వాయించు బ్రయన్ మే చెప్పియున్నాడు. మెర్క్యురీ యనగా బుధగ్రహము. రోమనుల పురాణములలో దేవతల వార్తాహరుడు.

2. మన దేశములో ఆతడెచ్చట చదివెను?

ఎనిమిదేండ్ల ప్రాయమున తల్లిదండ్రు లాతనిని ఓడ యెక్కించి బొంబాయికి పంపిరి. అచ్చటినుండి సహ్యాద్రి కొండలపై మహాబలేశ్వరమునకు చేరువనున్న పంచగనిలోని సెయింటు పీటర్సు పాఠశాలలో చేర్చిరి. 1902లో స్థాపింపబడిన యీ పాఠశాల ఇంగ్లీషు పద్ధతిని నడచునది. బాలు రచ్చటనే వసించి చదువుకొందురు. ఇంటికిని బడికిని నడుమ సముద్రమున్నందున స్వల్పకాలపు సెలవులలో నింటికి పోవుట సాధ్యము కాదు. బొంబాయిలోని బంధువుల యింటనే ఆ దినములు గడపవలసివచ్చెను. వసతిగృహములలో పెరిగిన విద్యార్థులకు దీని కష్టము మేము వర్ణింప నక్కరలేదు.

ఆ బడిలోనే ఆతని వ్రేళ్ళకు పియానో దొరకినది. బాలునకు సంగీతమునందు గల యాసక్తిని గుర్తించి, ప్రత్యేకముగా రుసుము చెల్లించి పాఠములు చెప్పింపుడని పాఠశాలవారు తల్లిదండ్రులకు వ్రాయగా, వారట్లే చేసిరి. పరీక్షలలో నాలుగవ తరగతివరకు ఉత్తీర్ణుడయ్యెను. రేడియోలో నొక్కమారు విన్న పాటను వెంటనే పియానోపై వాయించువాడని సహపాఠులు చెప్పుదురు. టేబిల్ టెన్నిసు, ముష్టియుద్ధము కూడ ఆతనికి ప్రియమైన ఆటలు.

అప్పుడే ఐదుగురు బాలురు కలిసి ది హెక్టిక్సు అను పేర చిన్న బృందమొకటి కట్టిరి. బడి యుత్సవములలో లిటిల్ రిచర్డు, క్లిఫ్ రిచర్డు మొదలగువారి పాటలు పాడెడివారు. ఇందు విశేషమేమనగా, పిమ్మట లోకమంతయు గాయకుడని కొనియాడినవాడు ఈ బృందమున ముఖ్య గాయకుడు కాడు! పియానో వాయించుచు వెనుకనుండి గొంతు కలుపువాడు మాత్రమే. పదిమందితో కలిసి వాయించుట, తన వంతు వచ్చువరకు వేచియుండుట ఆతడు మొదట నేర్చినది పంచగనిలోనే.

3. తాను భారతీయ వంశజుడనని ఆతడు దాచెనా?

ఈ ప్రశ్న మన దేశమున నెక్కువగా వినవచ్చును. పత్రికలవారితో ఆతడు బాల్యమును గూర్చి మాటలాడినది చాల తక్కువ. ఇది నిజము. కారణమును మాత్రము ఆతడు చెప్పలేదు గనుక మన మొకటి కల్పించి ఆతని నోట పెట్టరాదు. కాలపరిస్థితిని మాత్రము చెప్పవచ్చును. 1964వ సంవత్సరము జనవరిలో జాంజిబారునందు విప్లవము చెలరేగి వేలకొలది జనులు హతులైరి. బుల్సారా కుటుంబము ప్రాణములు దక్కించుకొని ఇంగ్లాండు చేరి, లండను శివారులోని ఫెల్తమునందు నివసించెను. ఆ దినములలో ఆసియావాసుల రాకను గూర్చి ఇంగ్లాండులో విద్వేషము హెచ్చుచుండెను. ఆఫ్రికాలోని ఆసియా జాతులవారు బ్రిటిషు పాస్‌పోర్టు గలిగియు ప్రవేశింప వీలుకాకుండ 1968లో చట్టమును గూడ చేసిరి. అట్టి కాలమున యువకు డొకడు తన పేరును మార్చుకొనెననిన నాశ్చర్యపడ పనిలేదు.

ఐతే కుటుంబమును విడువలేదు. తల్లిదండ్రుల యింటికి పోయి వచ్చుచుండెను. మరణించినపుడు అంత్యక్రియలు పార్సీ పురోహితులచే జరుపబడెను. మనవాడని గర్వించువారు గర్వింపవచ్చును. కాని ఆతనికి మన దేశమిచ్చినదేమో సరిగా చెప్పవలెను: ఒక పియానో, కొందఱు స్నేహితులు, ఒక వేదిక. ఇది తక్కువ కానుక కాదు.

4. క్వీన్ బృందమెట్లేర్పడెను?

ఇంగ్లాండు చేరిన పిమ్మట ఫ్రెడ్డీ ఈలింగులోని కళాశాలలో చిత్రలేఖనము, రూపకల్పన అభ్యసించి 1969లో పట్టము పొందెను. విమానాశ్రయమున మూటలు మోసెను. కెన్సింగ్టను బజారులో పాత దుస్తుల దుకాణము నడిపెను. ఒకటి రెండు చిన్న బృందములలో పాడెను గాని అవి నిలువలేదు.

ఈలింగులో ఆతని సహపాఠి యొకడు స్మైల్ అను బృందమున పాడుచుండెను. అందులో బ్రయన్ మే గిటారును, రోజర్ టేలర్ డ్రమ్ములను వాయించుచుండిరి. 1970లో ఆ సహపాఠి బృందమును వీడగా, ఫ్రెడ్డీ ఆ చోట చేరి, క్వీన్ అను క్రొత్త పేరును సూచించెను. బేస్ గిటారు వాయించుటకు ముగ్గురు వచ్చి పోయిన పిమ్మట 1971లో జాన్ డీకన్ వచ్చి స్థిరపడెను. ఆ నలుగురును ఇరువదియేండ్లు, అనగా ఫ్రెడ్డీ మరణమువరకు, ఒక్కరును మారలేదు. రాక్ బృందములలో నిది యరుదు.

ఈ మువ్వురు సహచరులును విద్యార్థులు గమనింపదగినవారు. బ్రయన్ మే లండనులోని ఇంపీరియలు కళాశాలలో భౌతికశాస్త్ర విద్యార్థి. పదునారేండ్ల ప్రాయమున తండ్రితో కలిసి, పాత చలిమంటగూటి కొయ్యతో గిటారును స్వయముగా తయారుచేసెను. జీవితమంతయు దానినే వాయించెను. తీగలను మీటుటకు ఆరుపెన్నీల నాణెమును వాడును. సంగీతముకొఱకు మధ్యలో విడిచిన పరిశోధనను ముప్పదియేండ్లు గడచిన పిదప మరల చేపట్టి, గ్రహముల నడుమనుండు ధూళిని గూర్చి గ్రంథము సమర్పించి, 2007లో డాక్టరు పట్టము పొందెను. రోజర్ టేలర్ దంతవైద్యము మొదలిడి, తరువాత జీవశాస్త్రము చదివెను. జాన్ డీకన్ ఎలక్ట్రానిక్సునందు ప్రథమశ్రేణి పట్టభద్రుడు. చెత్తతొట్టిలో దొరకిన పరికరమునుండి ఆతడు చేసిన చిన్న ధ్వనివర్ధకము క్వీన్ రికార్డులలో పలుమారు వాడబడెను. చిత్రలేఖనము నేర్చిన ఫ్రెడ్డీ బృందమునకు చిహ్నమును గీసెను. అందలి రెండు సింహములు సింహరాశివారగు డీకన్, టేలరులకు, ఎండ్రకాయ కర్కాటకరాశివాడగు మేకు, ఇరువురు దేవకన్యలు కన్యారాశివాడగు తనకు గుర్తులు. నలుగురికిని అందులో చోటున్నది.

తొలి రికార్డునకు వారియొద్ద ధనము లేదు. లండనులోని ట్రైడెంటు స్టూడియోలో డబ్బిచ్చువారు వాడుకొనని వేళలందు, తరచుగా రాత్రులందు, పని చేసికొనిరి. ఆ రికార్డు 1973లో వెలువడెను. 1974లో కిల్లర్ క్వీన్ అను పాట ఇంగ్లాండులో రెండవ స్థానమునకు చేరినపుడుగాని లోకము వారిని గుర్తింపలేదు.

5. పాటలన్నియు ఫ్రెడ్డీయే వ్రాసెనా?

లేదు. జనులు పొరపడు విషయములలో ఇది ముఖ్యము. పాడినవాడే వ్రాసెనని తలంచుట సహజము. కిల్లర్ క్వీన్, బొహీమియన్ రాప్సొడీ, సంబడీ టు లవ్, వి ఆర్ ది ఛాంపియన్స్ మొదలగునవి ఫ్రెడ్డీ రచనలు. కాని ఆటస్థలములలో వేలకొలది జనులు కాళ్ళు తట్టి చప్పట్లు చరచుచు పాడు వి విల్ రాక్ యు బ్రయన్ మే వ్రాసినది. 1980లో అమెరికాలో ప్రథమస్థానమునందిన అనదర్ వన్ బైట్స్ ది డస్ట్ మౌనియగు జాన్ డీకన్ వ్రాసినది. రేడియో గాగా రోజర్ టేలరు రచన. నలుగురును ప్రసిద్ధగీతములను వ్రాసిన బృందములు చాల తక్కువ.

వి విల్ రాక్ యు పాటలో డ్రమ్ములు లేవు. స్టూడియోలో కొలదిమంది చెక్కపలకలపై కాళ్ళు తట్టిన చప్పుడును, బ్రయన్ మే తన భౌతికశాస్త్ర జ్ఞానముతో, వేర్వేరు దూరములనుండి వచ్చినట్లు స్వల్ప కాలభేదములతో మాటిమాటికి కలిపెను. అందుచే కొలదిమంది చప్పుడు మహాజనసమూహపు చప్పుడుగా వినిపించును.

ఎవరి పాటకు వారికే రాబడి యగుటచే, ఏ పాట రికార్డున నుండవలెనను విషయమై వారిలో కలహములు జరుగుచుండెను. 1989లో వచ్చిన ది మిరకిల్ అను సంపుటమునుండి ఎవరు వ్రాసినను నలుగురి పేరను ప్రకటింపవలెనని నిశ్చయించుకొనిరి. అంతకు మునుపే ఫ్రెడ్డీ వ్యాధిగ్రస్తుడై యుండెనని తెలిసిన పిమ్మట ఈ నిర్ణయము మనకు వేఱువిధముగా తోచును.

6. బొహీమియన్ రాప్సొడీ యెట్లు తయారయ్యెను? దాని యర్థమేమి?

1975వ సంవత్సరము ఆగష్టులో వేల్సునందలి రాక్‌ఫీల్డు స్టూడియోలో ఈ పాట పని ప్రారంభమయ్యెను. పాట నిడివి సుమారు ఆరు నిమిషములు. సామాన్యముగా రాక్ పాటలో పల్లవి మరల మరల వచ్చును. ఇందు పల్లవియే లేదు. మొదట వాద్యములు లేని గానము, పిదప పియానోతో శోకగీతము, తరువాత గిటారు, ఆ పిమ్మట ఇటలీ నాటకగానమును తలపించు భాగము, అంతట తీవ్రమగు రాక్, కడపట శాంతము. పాట రూపమంతయు ఫ్రెడ్డీ మనస్సునందుండెను. ఆతడు పియానో వాయించుచు, ఇచ్చట నాటకగానము వచ్చునని ఖాళీ విడిచి, తక్కినదానిని సహచరులకు వినిపించెడివాడు.

ఆ నాటకగానమున నొక మహాగోష్ఠి పాడినట్లు వినవచ్చును. నిజమునకు పాడినవారు మువ్వురే: మధ్యస్థాయిని ఫ్రెడ్డీ, తారస్థాయిని టేలరు, మంద్రమును మే. అప్పటి టేపుపై ఇరువదినాలుగు ధ్వనిపథములు మాత్రమే యుండెను. అవి నిండినప్పుడెల్ల కొన్నిటిని కలిపి వేఱొక పథముపై నెక్కించి, ఖాళీయైన చోట మరల పాడిరి. ఇట్లు నూటయెనుబదివరకు కంఠధ్వనులు చేరెనని చెప్పుదురు. టేపు యంత్రముపై మాటిమాటికి తిరిగి తిరిగి, దానిపై పూత యరిగి, వెలుతురునకు పట్టిన ఆవలివైపు కనబడెనని బ్రయన్ మే చెప్పియున్నాడు. ఈ భాగమునకే సుమారు మూడువారములు పట్టెను.

ఇంత పొడవు పాటను రేడియోవారు వేయరని కంపెనీవారు వెనుదీసిరి. లండను కాపిటల్ రేడియోలోని కెన్నీ ఎవరెట్టు రెండు దినములలో పదునాలుగుమారులు వినిపింపగా జనులు దుకాణములకు పరుగిడిరి. 1975 అక్టోబరు 31వ తేదీన వెలువడి, తొమ్మిది వారములు ఇంగ్లాండులో ప్రథమస్థానమున నిలిచెను. దీనికొఱకు నవంబరులో నాలుగు గంటలలో తీసిన చిన్న చిత్రము పిమ్మటి సంగీతచిత్రములకు మార్గదర్శి యయ్యెను.

ఇక అర్థము. ఆతడు తుదివరకు చెప్పలేదు. సహచరులును చెప్పింప యత్నింపలేదు. వినువారే గ్రహింపవలెనని ఆతని యుద్దేశము. 2023లో లండను వేలమున నీ పాట చిత్తుప్రతులు అమ్ముడైనవి. అందు మొదట మంగోలియన్ రాప్సొడీ అని వ్రాసి కొట్టివేసియున్నది. దీనినిబట్టి పేరు సైతము ఒక్క తడవను తట్టినది కాదని తెలియుచున్నది. ప్రతిభ యనుదానిలో కొట్టివేతలు కూడ నున్నవి.

7. ఆతని కంఠమునందలి విశేషమేమి?

2016లో ఆస్ట్రియా, చెక్, స్వీడను దేశముల పరిశోధకులు ఆతని రికార్డులను, సంభాషణలను శోధించి ఒక వ్యాసము ప్రకటించిరి. మాటలాడునపుడు ఆతని స్వరతంత్రులు సెకనునకు సుమారు 117 మారులు కంపించెను. దీనినిబట్టి సహజముగా ఆతనిది బారిటోను, అనగా పురుషకంఠములలో మధ్యస్థాయి. కాని పాటలలో ఎక్కువగా పై స్థాయినే పాడెను. దీర్ఘస్వరమును పట్టినపుడు కంఠము అలవలె కదలు వేగము సెకనునకు సుమారు ఏడుమారులు. ఇది సామాన్య గాయకులకంటె నధికము. గర్జించునట్లు పాడునపుడు స్వరతంత్రులతో పాటు వానిపైనుండు మిథ్యాతంత్రులును కంపించియుండునని వారూహించిరి.

ఇంతమాత్రమున నది యలసట యెఱుగని కంఠమని తలంపరాదు. 1975 అమెరికా యాత్రలో గొంతు జబ్బుచే కొన్ని కచ్చేరీలను మానవలసివచ్చెను. స్టూడియోలో పాడిన యున్నతస్వరములను వేదికపై తగ్గించి పాడుట కలదు. నోటిలో నాలుగు దంతము లధికముగా నుండి ముందు పండ్లు పొడుచుకొని వచ్చినను, సరిచేయించిన కంఠధ్వని మారునేమో యని వైద్యమునకు ఒప్పుకొనలేదు. చేతిలోని సగము కఱ్ఱ యేమని కొంద ఱడుగుదురు. తొలిదినములలో నొక కచ్చేరీయందు మైకు నిలుపు కఱ్ఱ విరిగిపోగా, పైసగముతోనే పాట ముగించి, తరువాత దానినే యలవాటు చేసికొనెను.

8. లైవ్ ఎయిడ్ అనగా నేమి? చలనచిత్రములో చూపినది నిజమేనా?

ఇథియోపియాలోని ఘోరక్షామమునకు సహాయముగా 1985 జూలై 13వ తేదీన లండనులోని వెంబ్లీ మైదానమునందును, అమెరికాలోని ఫిలడెల్ఫియాయందును జరిగిన మహాసంగీతోత్సవమే లైవ్ ఎయిడ్. వెంబ్లీలో సుమారు 72,000 మంది యుండిరి. లోకమంతట టెలివిజనుపై చూచినవారికి లెక్కలేదు. ప్రతి బృందమునకును ఇరువది నిమిషములు మాత్రమే. అనేకులు సిద్ధపడక వచ్చిరి. క్వీన్‌వారు మాత్రము అంతకు ముందు ఒక నాటకశాలను తీసికొని, గడియారము చూచుకొనుచు అభ్యసించి, ఆరు పాటలను ఆ కాలమునకు సరిపడ కుదించిరి. పగటి వెలుతురు, రంగు దీపములు లేవు. ఐనను ఆనాటి కచ్చేరీలలో దానినే శ్రేష్ఠమైనదిగా పలువు రెన్నుదురు.

2018లో వచ్చిన బొహీమియన్ రాప్సొడీ చలనచిత్రము మిగుల ప్రసిద్ధి కెక్కెను. ఫ్రెడ్డీ పాత్రధారి రామీ మాలెక్ ఆస్కారు బహుమానము పొందెను. కాని అందు లైవ్ ఎయిడునకు ముందు బృందము విడిపోయినట్లును, ఫ్రెడ్డీ తన వ్యాధిని సహచరులకు అప్పుడే తెలిపినట్లును చూపిరి. నిజమునకు వారు విడిపోలేదు. ఆ సంవత్సరమే జనవరిలో బ్రెజిలునందును, మే నెలలో జపానునందును పాడిరి. వ్యాధి నిర్ధారణ 1987లో నైనదని సన్నిహితుల కథనము. చిత్రమును చిత్రముగా చూచి యానందింపుడు, చరిత్రగా నెంచకుడు.

9. ఆతని మరణమునకు కారణమేమి? ఏల దాచెను?

ఈ ప్రశ్నను కొందఱు గుసగుసగా నడుగుదురు. మేము స్పష్టముగానే చెప్పెదము. ఆతనికి వచ్చినది ఎయిడ్సు. ఇది 1981లో మొదట గుర్తింపబడిన వ్యాధి. హెచ్.ఐ.వి. యను సూక్ష్మజీవి శరీరముయొక్క రోగనిరోధక శక్తిని క్రమముగా హరించును. లైంగిక సంపర్కముచేతను, రక్తముచేతను, తల్లినుండి బిడ్డకును ఇది సోకును. చేయి పట్టుకొన్నను, ప్రక్కన కూర్చున్నను, కలిసి భుజించినను సోకదు.

యౌవనమున ఆతడు మేరీ ఆస్టిన్ అను నామెతో కొన్నియేండ్లు జీవించెను. ఆ బంధము వేఱైన పిమ్మటను ఆమె ఆతనికి కడపటివరకు ఆప్తమిత్రమై యుండెను. తన గృహమును ఆమెకే వ్రాసియిచ్చెను. తరువాత ఆతడు పురుషులను ప్రేమించెను. జిమ్ హటన్ అను నాతడు తుదిదినములలో ప్రక్కనుండి సేవచేసెను. ఇంగ్లాండులో 1967వరకు అట్టి ప్రేమ నేరముగా నెంచబడెను. మన దేశమున 2018లో సర్వోన్నత న్యాయస్థానపు తీర్పుతో నేరము కాకపోయెను. చట్టము మారినంత త్వరగా జనుల నోళ్ళు మారవు. ఆ దినములలో పత్రికలవారు ఆతని యింటి ప్రహరి చుట్టును కెమెరాలతో కాచుకొనియుండిరి. రోగిని చూచి జాలిపడుటకంటె నిందించుట యధికమైన కాలమది. ఎందుకు దాచెనని యడుగువారు, ఎట్టివారి యెదుట చెప్పవలసివచ్చెనో కూడ నాలోచింపవలెను.

దాచిన కాలమున ఆతడేమి చేసెను? పాడెను. 1986 ఆగష్టు 9వ తేదీన నెబ్‌వర్తునందు జరిగిన కచ్చేరీయే నలుగురితో ఆతని కడపటి కచ్చేరీ. అటుపిమ్మట బార్సిలోనా నగరపు ప్రసిద్ధ గాయని మోంసెర్రాట్ కబాయేతో కలిసి 1988లో నొక సంపుటము చేసెను. 1991 ఫిబ్రవరిలో ఇన్యుయెండో సంపుటము వెలువడెను. నడుచుటయే కష్టమైన స్థితిలో స్విట్జర్లాండునందలి మాంట్రో పట్టణపు స్టూడియోకు పోయి, శక్తి యున్నంతవరకు పాడి, మిగిలినది మీరు పూర్తిచేయుడని సహచరులతో చెప్పెను. మదర్ లవ్ అను పాటలో చివరి చరణము పాడుటకు ఆతనికి సాధ్యము కాలేదు. దానిని బ్రయన్ మే పాడి పూర్తిచేసెను. ఆ పాటను వినువారు ఒక కంఠము ఆగి మరియొక కంఠము ఆరంభమగు చోటును గుర్తింపవచ్చును.

1991 నవంబరు 23వ తేదీన తన వ్యాధిని లోకమునకు తానే ప్రకటించెను. మరునాడు రాత్రి మరణించెను. ఆతని వయస్సు నలుబదియైదు. పలు మందులను కలిపి యిచ్చి యీ వ్యాధిని అదుపులో నుంచు చికిత్స 1996 ప్రాంతమున వచ్చెను. ఐదేండ్లు ముందు వచ్చియుండిన ఆతడు బ్రతికియుండునేమో. మన దేశమున 2004నుండి ఈ మందులు ప్రభుత్వ వైద్యశాలలలో నుచితముగా నిచ్చుట మొదలైనది. 2017లో చేసిన చట్టము ఈ రోగులను బడినుండిగాని, పనినుండిగాని, వైద్యశాలనుండిగాని వెలివేయుట నిషేధించుచున్నది. ఒక గాయకుని ప్రశ్నలో ఇది యేల యనెదరా? ఆతనిని ప్రేమించి, ఆతని రోగమే గల పొరుగువానిని తాకుటకు జంకువాడు ఆతని నింకను వినలేదని మేమందుము.

10. ఆతని తరువాత బృందమేమయ్యెను?

1992 ఏప్రిలు 20వ తేదీన వెంబ్లీలో ఆతని సంస్మరణకచ్చేరీ జరిగెను. దాని మూలముగా మెర్క్యురీ ఫీనిక్సు ట్రస్టు ఏర్పడి, ఎయిడ్సు నివారణకు పలు దేశములలో సహాయము చేసెను. ఆతడు పాడి విడిచిన పాటలను సహచరులు పూర్తిచేసి 1995లో మేడ్ ఇన్ హెవెన్ అను పేర ప్రకటించిరి. జాన్ డీకన్ 1997 తరువాత సంగీతరంగమునుండి విరమించెను. మే, టేలరు మాత్రము వేఱు గాయకులతో కచ్చేరీలు చేసిరి. 1996లో మాంట్రో సరస్సు తీరమున చేయి పైకెత్తిన ఆతని కంచువిగ్రహము నిలుపబడెను.

11. క్రొత్తగా వినదలచినవారు ఎచ్చట మొదలిడవలెను?

1975 నాటి ఎ నైట్ ఎట్ ది ఆపెరా సంపుటముతో ప్రారంభింపుడు. ఒకమారు ఫ్రెడ్డీ కంఠమునే వినుడు. రెండవమారు ఆతని కంఠమును విడిచి, వెనుకనుండి వచ్చు తక్కిన గొంతులను వినుడు. మూడవమారు జాన్ డీకన్ బేస్ గిటారును మాత్రము పట్టుకొని పోవుడు. అంతట ఈ వ్యాసమున మేము చెప్పలేనిది మీకే తెలియగలదు. మన పాఠశాలలో హార్మోనియము వాయించువారు, తబలా వాయించువారు, పాడువారు గలరు. వార్షికోత్సవమున పేరు మాత్రము పాడినవానికే వచ్చుచున్నది. పంచగనిలో పియానో వెనుక కూర్చుండి గొంతు కలిపిన బాలుని తలంచుకొని, ఈ సంవత్సరమునుండి ప్రకటనపత్రములో నందఱి పేర్లను వ్రాయవలసినదిగా విద్యార్థి సంఘమువారిని కోరుచున్నాము.